టల్సా గ్రంథపాతము

తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి గ్రంథపాతము క్రొత్త విషయము కాదు. పురుగు తొలిచిన చోటను, ఆకు విఱిగిన చోటను వ్రాయసకాడు చుక్కలు పెట్టి ముందునకు సాగును. పరిష్కర్త అధోజ్ఞాపికలో ఇచట గ్రంథపాతమని సూచించి ఊరకుండును. అందు నేర మెవ్వరిదియు కాదు. అది కాలము చేసిన పని. కాని ఆకును పురుగు తినక, ఎవరో చేతితో చించివేసిరని తేలినచో ఆ లోపమును ఎట్లు చదువవలెను? చింపినవారెవరు, ఎప్పుడు చింపిరి, ఏల చింపిరి అను ప్రశ్నలు పుట్టును. అప్పుడు పోయిన పాఠమే కాక, పోవుట కూడ ఒక పాఠమగును. అట్టి లోపమొకదానిని గుఱించి ఈ వ్యాసమున విచారింప దలచితిమి. అది మన దేశపుది కాదు, తాళపత్రమును కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా నగరమున సాయంకాలము వెలువడుచుండిన 'టల్సా ట్రిబ్యూన్' దినపత్రిక యొక్క 1921 మే 31వ తేదీ సంచిక.

ఆ పత్రిక పాత సంపుటములకు మైక్రోఫిల్ము తీసియున్నారు. మే 31వ తేదీ సంచిక వచ్చుసరికి మొదటి పుటలో ఒక వార్త ఉండవలసిన తావు చినిగి పోయినది. సంపాదకీయపు పుటలో అధికభాగము లేదు. ఫిల్ము తీయుటకు ముందే ఎవరో ఈ రెండు తావులను ఏఱి చింపిరి. తక్కిన పుటలు చెక్కుచెదరలేదు. ఇది ప్రమాదము కాదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కఱలేదు. 1946లో టల్సా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమునకై ఈ విషయమున సిద్ధాంత వ్యాసము వ్రాసిన లోరెన్ గిల్ అను విద్యార్థి మొదటి పుట వార్తను పూర్తిగా తన వ్యాసమున ఉదాహరించెను. అందుచే ఆ భాగము మనకు దక్కినది. సంపాదకీయపు పుట నేటికిని దొరకలేదు. ఆ రాత్రి ఒక నల్లవానిని గుంపు ఉరితీయనున్నదను అర్థమిచ్చు శీర్షికతో అందొక రచన ఉండెనని ఆనాటివారు పలువురు తరువాత చెప్పిరి. జ్ఞాపకములు పెక్కులు కలవు. ప్రతి ఒక్కటియు లేదు. పోయిన పద్యమును ఊహతో పూరింపరాదని, పోయినదని చెప్పుట మానరాదని పరిష్కర్తలకు తెలిసిన నియమమే ఇచటను వర్తించును. కావున ఆ సంపాదకీయములో ఏమి యుండెనో మేము చెప్పబోము. అది పోయిన విధమును, దానితో పాటు ఒక నగరము తన చరిత్రలో రెండు దినములను పోగొట్టుకొన్న విధమును చెప్పుదుము.

ఓక్లహోమా 1907లో రాష్ట్రమైనది. ఆ రాష్ట్ర శాసనసభ చేసిన మొట్టమొదటి చట్టము నల్లవారికిని తెల్లవారికిని రైలుబండ్లలో వేఱువేఱు పెట్టెలు ఉండవలెననునది. అప్పటికి ఆ రాష్ట్రమున డెమొక్రాటిక్ పక్షమువారిదే బలము; నల్లవారు రిపబ్లికన్ పక్షమునకు ఓట్లు వేయుచుండిరి. 1908లో ఏ. సి. హామ్లిన్ అను నల్లజాతీయుడు శాసనసభకు ఎన్నికయ్యెను. వెంటనే 1910లో రాజ్యాంగ సవరణ వచ్చినది. చదువను వ్రాయను వచ్చినవారికే ఓటుహక్కు. అయితే 1866 జనవరి 1వ తేదీకి ఓటుహక్కు కలిగియుండిన వారి సంతతికి ఆ పరీక్ష లేదు. నాటికి బానిసత్వము నుండి అప్పుడే వెలువడిన వారి మనుమలు పరీక్షకు నిలువవలెను. తక్కినవారు తాతల పేరు చెప్పిన చాలును. పాత దస్త్రమును ఆయుధముగ వాడిన తీరు ఇందు గమనింపదగినది. 1915లో దేశపు సర్వోన్నత న్యాయస్థానము దీనిని కొట్టివేయగా, 1916లో మఱియొక చట్టము చేసి, క్రొత్తగా ఓటరుగ చేరగోరువారికి 12 దినముల గడువు మాత్రమే యిచ్చిరి. ఆ 12 దినములు దాటిన వానికి జీవితాంతము హక్కు లేదు. ఇదియు 1939లో కొట్టివేయబడినది. పక్షముల వైరమును జాతివైరమును ఒకే త్రాటికి పేనిన కాలమది.

టల్సా ఆ రాష్ట్రమున నూనెబావుల వలన పెరిగిన ఊరు. 1905లో సమీపమున గ్లెన్‌పూల్ వద్ద నూనె పడినది. 1920 జనసంఖ్య 72 వేలు. నల్లవారు రైలుమార్గమునకు ఉత్తరముగ గ్రీన్‌వుడ్ అను పేటలో నివసించుచుండిరి. 1916లో నగరపాలక సంఘము చేసిన నిబంధన వలన వారు వేఱుచోట ఉండు వీలు లేకపోయెను. అయినను ఆ నిర్బంధములోనే వారు వర్తకమును, వైద్యశాలలను, నాటకశాలలను, బడులను, రెండు పత్రికలను నెలకొల్పుకొనిరి. జె. బి. స్ట్రాడ్‌ఫర్డ్ హోటలుకు 54 గదులు. ఏ. జె. స్మిదర్‌మన్ నడపిన 'టల్సా స్టార్' పత్రిక రాష్ట్రమంతటను చదువబడుచుండెను. లూలా విలియమ్సు అను స్త్రీ డ్రీమ్‌లాండ్ అను చలనచిత్రశాలకు యజమానురాలు.

1921 మే 30న, నగరము నడుమ నున్న ఒక భవనమున, బూట్లకు మెఱుగు పెట్టు డిక్ రోలండ్ అను నల్లజాతి యువకుడు లిఫ్టు ఎక్కెను. లిఫ్టు నడపునది ఒక తెల్ల యువతి. ఆమె కేకవేసినది, అతడు పాఱిపోయెను. ఏమి జరిగినదో రూఢిగ తెలియదు. కాలు జాఱి ఆమె మీద పడెననియే ఎక్కువమంది తలంతురు. మఱునాడు అతనిని పట్టుకొనిరి. ఆ సాయంకాలమే ట్రిబ్యూన్ వార్త వెలువడినది. అందు అతడామెపై బలాత్కారమునకు పూనుకొనెనని, ఆమె ముఖమును చేతులను గోళ్ళతో రక్కెనని కలదు. పత్రిక వీథిలోనికి వచ్చిన కొలది గంటలలో న్యాయస్థానపు ముంగిట తెల్లవారి గుంపు చేరినది. అంతకు తొమ్మిది నెలల క్రిందటనే, 1920 ఆగష్టులో, ఇదే నగరమున హత్యానేరము మోపబడిన ఒక తెల్ల యువకుని గుంపు ఇదే భవనమునుండి లాగికొనిపోయి ఉరితీసియుండెను. తెల్లవానికే రక్షణ లేనిచోట నల్లవానికి ఏ రక్షణ యని 'టల్సా స్టార్' అప్పుడే అడిగెను. అందుచే గ్రీన్‌వుడ్ వాసులు కొందఱు, అందు ఐరోపా యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులును కలరు, తుపాకులతో వచ్చి షెరీఫునకు సాయపడుదుమనిరి. ఆయన వలదని పంపెను. రెండవమారు 75 మంది వచ్చిరి. వారిలో నొకనిచేతి తుపాకిని ఒక తెల్లవాడు లాగికొనబోగా అది పేలినది.

అటుపిమ్మట జరిగినదానిని క్లుప్తముగ చెప్పుదుము. విస్తరించుట మాకు రుచింపదు. పోలీసువారు వందలకొలది తెల్లవారిని అప్పటికప్పుడు ప్రత్యేక రక్షకులుగ ప్రమాణము చేయించి పంపిరి. జూన్ 1 ఉదయమునకు వేలమంది గ్రీన్‌వుడ్‌పై పడి, ఇండ్లు దోచి తగులబెట్టిరి. విమానములు పైన తిరుగుటను పెక్కురు చూచిరి. పేరెన్నికగన్న శస్త్రవైద్యుడు ఏ. సి. జాక్సన్ చేతులెత్తి బయటికి రాగా కాల్చిచంపిరి. 35 వీథిఖండములు బూడిదయ్యెను. రెడ్ క్రాస్ సంఘము లెక్కప్రకారము కాలిన ఇండ్లు 1,256. కాల్పక దోచినవి 215. రాష్ట్రపు సేన వచ్చి, నల్లవారిని వేలకొలది సభాభవనమునను, ఆటస్థలమునను, సంతమైదానమునను నిర్బంధించినది. తెల్ల యజమాని యొకడు వచ్చి పూచీపడిననే విడుదల. అధికారుల లెక్కలో చనిపోయినవారు నల్లవారు 26, తెల్లవారు 10. నిజమైన సంఖ్య 300 వరకు ఉండునని రెడ్ క్రాస్ వారే తలంచిరి. రోలండ్‌పై నేరము ఆ సెప్టెంబరులోనే కొట్టివేయబడినది.

ఇచట ఒక సంగతి మమ్ము చాల ఆలోచింపజేసినది. ఈ ఘోరమును చేసినవారు మొదట దీనిని దాచలేదు. మండుచున్న పేటను, రోడ్డుపై పడియున్న శవములను ఫొటోలు తీసి, వానిపై తెల్లసిరాతో వ్యాఖ్యలు వ్రాసి, పోస్టుకార్డులుగ అమ్మిరి. నల్లవారిని ఊరినుండి తఱిమివేయుచున్నామను అర్థముగల వ్రాత ఒక కార్డుపై నేటికిని చదువవచ్చును. నల్లవారి హక్కుల సంఘమునుండి విచారణకు వచ్చిన వాల్టర్ వైట్ నల్లజాతీయుడే అయినను, తెల్లనిచాయ, నీలికన్నులు గలవాడగుటచే ఎవరును గుఱుతింపక, ఆయననే ప్రత్యేక రక్షకుడుగ చేర్చుకొనిరి. పేరు, వయస్సు, నివాసము తప్ప మఱేమియు అడుగలేదనియు, ఇక కనబడిన నల్లవానిని కాల్చవచ్చును, చట్టము నీ వెనుక నుండునని ప్రక్కనున్నవాడు చెప్పెననియు ఆయన తరువాత వ్రాసికొనెను. చాటుమాటు పనిగా తోచియుండినచో ఇట్లు జరిగియుండదు. సిగ్గు తరువాత వచ్చినది. పశ్చాత్తాపము తోడుగ మాత్రము రాలేదు. దేశమంతటి పత్రికలు దూషింపగా, పెట్టుబడులు పెట్టువారు వెనుదీయుదురను భయము నగర ప్రముఖులకు కలిగినది. కార్డులు పెట్టెల అడుగునకు చేరినది అప్పటినుండియే. చింపిన చేయి పగవాని చేయి కానక్కఱలేదు. ఊరి మంచిపేరు కోరిన చేయియైనను కావచ్చునని మా యభిప్రాయము.

మౌనమునకు ముందు ఒక అధికార పాఠము సిద్ధమైనది. జూన్ నెలలోనే కూర్చున్న గ్రాండు జ్యూరీ, న్యాయస్థానము ముందు చేరిన తెల్లవారు వట్టి చూపఱులనియు, దోషమంతయు ఆయుధములతో వచ్చిన నల్లవారిదేననియు తేల్చినది. స్ట్రాడ్‌ఫర్డ్, స్మిదర్‌మన్‌లపై దొమ్మీ నేరము మోపిరి; ఇరువురును రాష్ట్రము విడిచిపోయిరి. స్ట్రాడ్‌ఫర్డ్‌పై నేరము ఎత్తివేయుటకు 1996 వఱకును, స్మిదర్‌మన్‌పై ఎత్తివేయుటకు 2007 వఱకును పట్టినది. పోలీసు అధిపతి మాత్రము విధినిర్లక్ష్యమునకు దోషిగ తేలెను. ఇల్లు తగులబెట్టినందులకు గాని, చంపినందులకు గాని తెల్లవాడెవ్వడును శిక్ష పొందలేదు.

'దొమ్మీ' అను ఈ మాట పట్టుకొని చాల పని జరిగినది. భీమా ఒడంబడికలలో దొమ్మీ వలన కలిగిన నష్టమునకు సొమ్ము చెల్లింపబోమను నియమముండెను. గ్రీన్‌వుడ్‌లో రెండు కట్టడములు గల విలియమ్ రెడ్‌ఫర్న్ వేసిన దావాను 1926లో ఓక్లహోమా సర్వోన్నత న్యాయస్థానము ఆ నియమము చూపియే త్రోసివేసినది. భీమా సొమ్ము ఎగవేయుటకే ఆ పేరు పెట్టిరని ఇటీవల కొందఱు వ్రాయుచున్నారు. అది సరికాదు. మొదటిదినముననే పత్రికలన్నియు ఆ మాట వాడినవి. అప్పటికి భీమా ప్రసక్తి లేదు. పేరు ముందు పుట్టినది, లాభము వెనుక వచ్చినది. రెండుపక్షములు తలపడినట్లు ధ్వనించు ఆ మాటను విడిచి 'మారణకాండ' అను మాటను అధికారపత్రములలో వాడుట బాగుగ నిలుకడకు వచ్చినది 2018 ప్రాంతముననే. ఇక నగరపాలక సంఘమునకు బాధితులు పెట్టుకొన్న అర్జీలు 18 లక్షల డాలర్లకు పైబడియుండెను. అన్నిటిని త్రోసివేసిరి. ఒక్క తెల్ల వర్తకునికి మాత్రము, గుంపు అతని అంగడినుండి ఎత్తుకొనిపోయిన తుపాకులకు వెల ముట్టినది.

జూన్ 7ననే నగరపాలక సంఘము కాలిన స్థలములలో అగ్నినిరోధకమైన కట్టడములే కట్టవలెనని నిబంధన చేసినది. ఇల్లు కాలినవానికి అది అసాధ్యమని తెలిసియే చేసినది. పేటను రైలుశాలగను వ్యాపారస్థలముగను మార్చుట వారి తలంపు. బి. సి. ఫ్రాంక్లిన్ అను న్యాయవాది, తన కచేరియు కాలిపోగా, ఒక గుడారములో బల్లవేసికొని కూర్చుండి, ఆ నిబంధనపై వ్యాజ్యము నడపి గెలిచెను. టైపుమిషను, న్యాయగ్రంథములతో గుడారములో ఆయన కూర్చున్న ఛాయాచిత్రము నేటికిని కలదు. ఈయన పేరు మఱల వచ్చును.

తరువాత మౌనము. 1936లో ట్రిబ్యూన్ పత్రిక పదునైదేండ్ల క్రిందటి సంగతులు అను శీర్షిక నడపుచుండెను. 1921 జూన్ మొదటి దినమునకు సంబంధించి విందుల ముచ్చట్లు కలవు గాని, నగరములో నాల్గవవంతు కన్పట్టునంత మంట గుఱించి ఒక్క మాటయు లేదు. ఇరువదియైదేండ్ల శీర్షికలో 1946లోను అంతియే. ఆ 1946లోనే టల్సా విశ్వవిద్యాలయమున బోధించుచుండిన నాన్సీ ఫెల్డ్‌మన్, 1921ని కన్నులార చూచిన రాబర్ట్ ఫెయిర్‌చైల్డ్‌ను తన తరగతికి పిలిచి మాటాడించెను. విద్యార్థులు నమ్మలేదు; ఇండ్లలో అడుగగా తల్లిదండ్రులు అట్టిదేదియు జరుగలేదనిరి. విషయమును విడువుమని పై అధికారి ఆమెకు చెప్పెను, ఆమె విడువలేదు. నల్లవారి ఇండ్లలోను మాట లేదు. అక్కడి మౌనము వేఱు. చెప్పిన పిల్లలు భయపడుదురు, లేదా కోపపడి ప్రాణముమీదికి తెచ్చుకొందురు. రెండు మౌనములు పైకి ఒక్కటిగ కనబడినను ఒకదాని నుండి మఱియొకదానిని వేఱుచేయని చరిత్రకారుడు తప్పు చేయును.

అయినను ప్రతులు నశింపలేదు. అవి ఉండవలసిన చోట లేకపోయెను, అంతియే. మేరీ జోన్స్ పారిష్ అను ఆమె టైపు, సంక్షిప్తలిపి నేర్పు ఉపాధ్యాయిని. బిడ్డ చేయిపట్టుకొని గుండ్లనడుమ పాఱిపోయినది. తరువాత కొలది దినములకే ఇంటింటికి తిరిగి బాధితుల వాఙ్మూలములు వ్రాసికొని, నష్టముల పట్టిక చేర్చి, చిన్న పుస్తకముగ అచ్చొత్తించెను. ప్రతులు బహు స్వల్పము. వృత్తిచే సంక్షిప్తలిపి తెలిసినది కావున మాట మాటగ పట్టుకొనగలిగినది. నూఱేండ్లకు, 2021లో, ఆమె మునిమనుమరాలి పూనికతో అది మఱల అచ్చైనది.

లూలా విలియమ్సు కుమారుడు డబ్ల్యు. డి. విలియమ్సు 1921లో బడిపిల్లవాడు. పెద్దవాడై అదే బుకర్ టి. వాషింగ్టన్ ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించెను. 1950ల నడుమ ఒకనాడు తరగతిలో ఈ కథ చెప్పగా, డాన్ రాస్ అను పదునైదేండ్ల విద్యార్థి లేచి, గ్రీన్‌వుడ్ కాలినదనుట అబద్ధమనెను. ఉపాధ్యాయుడు కోపపడలేదు. మఱునాడు ఒక ఛాయాచిత్రముల సంపుటము తెచ్చి ఆ పిల్లవాని ముందుంచెను. అందు పోస్టుకార్డులు కలవు! తఱిమినవారు గర్వముతో తీసికొన్న బొమ్మలే తఱుమబడినవాని ఇంట సాక్ష్యముగ నిలిచినవి. ఆ డాన్ రాస్ పెరిగి 'ఇంపాక్ట్' అను పత్రికకు సంపాదకుడయ్యెను. 1971లో యాబదేండ్లు నిండినప్పుడు ఎడ్ వీలర్ అను తెల్లజాతి రచయిత వర్తక సంఘము కోరికపై వ్యాసము సిద్ధపఱుపగా, సంఘము దానిని అచ్చొత్తుటకు నిరాకరించినది. నగరపు పెద్ద పత్రికలును నిరాకరించినవి. అతని కారు అద్దముపై ఎవరో సబ్బుతో బెదిరింపు వ్రాసిరి. ఆ వ్యాసమును అచ్చొత్తినది రాస్ పత్రిక. 1982లో స్కాట్ ఎల్స్‌వర్త్ గ్రంథము వచ్చినది. 1997లో, అప్పటికి శాసనసభ్యుడైన రాస్ ప్రయత్నము వలన, రాష్ట్ర ప్రభుత్వము ఒక విచారణ సంఘమును నియమించెను. తరగతిలో తెఱచిన ఒక సంపుటమునుండి నలువదేండ్లకు శాసనము పుట్టినది.

గుడారములోని న్యాయవాది కుమారుడే జాన్ హోప్ ఫ్రాంక్లిన్. 1921లో తండ్రి టల్సాలో స్థిరపడిన పిమ్మట కుటుంబమును పిలిపించుకొనదలచెను; ఈ దహనము వలన 1925 వఱకును వారు చేరలేకపోయిరి. ఆ పిల్లవాడు హార్వర్డులో డాక్టరు పట్టమునకై పరిశోధన చేయుచు, 1939లో ఉత్తర కరొలైనా రాష్ట్రపు దస్త్రభాండాగారమునకు పోయెను. నల్లవాడు వచ్చి చదువునని ఆ భవనము కట్టినవారు తలంపనే లేదు. ఆయనకు వేఱు గది యిచ్చిరి. తెల్ల సేవకులు నల్లవానికి కాగితములు అందింపవలసి వచ్చుననియెంచి, అఱలకు తాళపుచెవియే ఆయన చేతికిచ్చిరి. ఆయన ఇష్టము వచ్చిన కట్టలు తెచ్చికొని చదువుకొనుచుండగా, తెల్ల పరిశోధకులు తమకును తాళపుచెవులు కావలెనని మొఱపెట్టిరి. రెండు వారములలో ఆ చెవి వెనుకకు పోయినది. సేవకులే కాగితములు అందింపసాగిరి. మన పరిశోధక విద్యార్థులు ఈ కథ విని నవ్వవచ్చును. కాని దస్త్రములు ఉన్నవా లేవా అను ప్రశ్నకు ముందు, తలుపు ఎవరికి తెఱువబడునను ప్రశ్న యున్నదని ఇందువలన తెలియును. ఆనాటికి అంతర్యుద్ధానంతర కాలపు చరిత్రను కొలంబియా విశ్వవిద్యాలయమున డన్నింగు ఆచార్యుడును ఆయన శిష్యులును వ్రాసియుండిరి. నల్లవారికి ఓటు ఇచ్చుటయే దక్షిణదేశపు చేటని వారి సారాంశము. అవి అన్నియు అధోజ్ఞాపికలు గల సిద్ధాంత గ్రంథములే. 1935లో డ్యూబోయిస్ దీనిని ఎదిరించుచు బృహద్గ్రంథము వ్రాసి, చివరి ప్రకరణమున చరిత్రయే ప్రచారముగ మాఱిన తీరును చర్చించెను. పేజీ చింపనక్కఱలేకయే పాఠము మార్చవచ్చునని ఆ గ్రంథములు చెప్పుచున్నవి.

విచారణ సంఘము 2001 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించి, బ్రతికియున్న బాధితులకు పరిహారమీయవలెనని సిఫారసు చేసినది. అట్టివారు నూఱుమందికి పైగ దొరికిరి. శాసనసభ పరిహారమీయలేదు, పతకములు ఇప్పించిరి. 2003లో బాధితులు వ్యాజ్యము వేసిరి. ఎనుబదియెనిమిదేండ్ల జాన్ హోప్ ఫ్రాంక్లిన్ వారిలో ఒకడు. తమకు సత్యము 2001 నివేదికతోనే బయటపడినదని వారు వాదించిరి. న్యాయస్థానము 2004లో కాలదోషము పట్టినదని కొట్టివేసినది. భయము గల దినములను మినహాయించినను, ఆ స్థితి 1960ల నాటికే తొలగెనని దాని తీర్పు. న్యాయశాస్త్రము మాకు తెలియదు. అయినను కాలదోషమను నియమము ఆలస్యము చేసిన వానిని శిక్షించుటకు పుట్టినది గదా! కాగితములు లేకుండ చేసినవారెవరో, ఆలస్యము చేసితిరని శిక్ష పొందినవారెవరో ఒకమారు చూడవలసియుండెను. 2024 జూన్‌లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము, నూఱేండ్లు దాటిన ఇద్దఱు వృద్ధురాండ్ర వ్యాజ్యమును మఱల త్రోసివేసినది. 2025 జనవరిలో దేశపు న్యాయశాఖ, ఇది వట్టి గుంపుకోపము కాదనియు, పూనికతో సాగిన సైనిక పద్ధతి దాడియనియు నివేదించుచు, శిక్షింపదగిన వారెవ్వరును బ్రతికిలేరని చెప్పినది. 1921 జూన్ మొదటి వారముననే అదే శాఖ ప్రతినిధి ఒకడు వచ్చి కొలది దినములలో విచారణ ముగించి పోయియుండెను.

రాజకీయ విభేదము నేడు మఱియొక రూపమున వచ్చినది. 2021 మే నెలలో, నూఱేండ్ల సంస్మరణకు కొలది వారముల ముందు, ఓక్లహోమా గవర్నరు ఒక చట్టముపై సంతకము చేసెను. ఏ విద్యార్థియు తన జాతి కారణముగ బాధను గాని అపరాధభావమును గాని పొందవలెనని బడిలో బోధింపరాదని అందు కలదు. సంస్మరణ సంఘమునుండి గవర్నరును తొలగించిరి. చట్టమును సమర్థించువారు, టల్సా ఘటన పాఠ్యప్రణాళికలోనే యున్నదనియు, దానిని చట్టము నిషేధింపలేదనియు చెప్పుదురు. అక్షరము చూచినచో వారి మాట నిజమే. కాని ఉపాధ్యాయుడు చట్టమును అక్షరముగ చదువడు. ఉద్యోగమును తలంచుకొని చదువును. 2022లో ఈ చట్టము క్రింద టల్సా పాఠశాలల గుర్తింపును తగ్గించిరి. విలియమ్సు నేడు ఆ సంపుటము తరగతికి తెచ్చుటకు ముందు ఎవరినేని అడుగవలెనేమో! 2024లో ఒక న్యాయాధిపతి ఈ చట్టమున కొన్ని భాగముల అమలును నిలిపివేసెను. వివాదము సాగినది.

శవములను ఎచట పూడ్చిరను ప్రశ్న అన్నిటికంటె కడపట కదలినది. 1921లో పదేండ్ల తెల్ల బాలుడైన క్లైడ్ ఎడ్డీ, ఓక్లాన్ శ్మశానవాటికలో పెద్దపెద్ద కొయ్యపెట్టెలను, ప్రక్కన త్రవ్వుచున్న గోతిని చూచెను. 1999లో ఆయన ఆ తావు చూపెను. త్రవ్వకము ఆరంభమైనది 2020లో. అక్టోబరులో వరుసగ పెట్టెలు బయటపడినవి. ఇంతకుముందు 2015లో, బి. సి. ఫ్రాంక్లిన్ 1931 ఆగష్టులో టైపుచేసి దాచిన పది పుటల ప్రతి దొరికినది. విమానములు తిరుగుట, ఇండ్ల కప్పులు పైనుండి అంటుకొనుట అందు వర్ణింపబడినవి. అది వాషింగ్టనులోని నల్లవారి చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది.

2024 జూలైలో ఓక్లాన్ అస్థికలలో ఒకనిని మొదటిమారు పేరుతో గుర్తించిరి. సి. ఎల్. డేనియల్, జార్జియా రాష్ట్రపువాడు, మొదటి ప్రపంచయుద్ధ సైనికుడు. అస్థికల జన్యుపరీక్ష ఆయన వంశపువారి దాక తీసికొనిపోయినది; పేరును నిలిపినది ఒక కాగితము. సైనికుల పింఛను దస్త్రములలో, 1936లో ఆయన తల్లి పక్షమున ఒక న్యాయవాది సహాయము కోరుచు వ్రాసిన ఉత్తరమొకటి యున్నది. తన కొడుకు 1921లో టల్సా అల్లరులలో చంపబడెనని అందు వ్రాయించినది. ఆ ఉత్తరమును ఎవరును చింపలేదు. దానియందేమున్నదో చూడవలెనని ఎవరికిని తోచలేదు. ట్రిబ్యూన్ పత్రిక పదునైదేండ్ల క్రిందటి విందులను స్మరించినది ఆ సంవత్సరముననే.